సిగరెట్ మానాక పట్టు సడలకుండా: ఏ దశలో ఏ ఆసరా?

మూడో రోజు సాయంత్రం "ఇక నా వల్ల కాదు" అనిపించడం వేరు, నాలుగో నెలలో "ఒక్కటి తాగితే ఏం కొంప మునిగిపోతుంది" అనిపించడం వేరు. రెంటికీ కలిపి "పట్టుదల చాలలేదు" అని పేరు పెట్టేస్తుంటాం. మొదటిది చాలావరకు ఒంట్లో నికోటిన్ పడిపోవడం వల్ల వచ్చేది. రక్తంలో ఉన్న నికోటిన్ సుమారు 2 గంటలకోసారి సగమవుతూ పోతుంది. చివరి సిగరెట్ తాగిన కొన్ని గంటలకే చిరాకు, అస్థిమితం మొదలై 2-3 రోజులకు ముదురుతాయి. 2 నుంచి 4 వారాల్లో నెమ్మదిస్తాయి. రెండోదానికి నికోటిన్‌తో పెద్దగా పనిలేదు. అలవాటైన చోటు, పాత జట్టు, కాస్త ఏమరుపాటు కలిసి చేసే పని అది.

ఆసరాలను పోల్చి చూసేటప్పుడు ఈ తేడా గుర్తు లేకపోతే డబ్బూ ఓపికా తప్పు చోట ఖర్చవుతాయి. మూడో రోజు చేతులు పిసుక్కుంటున్న మనిషికి రోజులు లెక్కపెట్టే యాప్ ఇచ్చి లాభం లేదు. నాలుగో నెలలో పాత స్నేహితుల మధ్య నిలబడ్డ మనిషిని కాపాడటం చర్మం ద్వారా నికోటిన్ అందించే ప్యాచ్ వల్ల కాదు.

ముందు మీ లెక్క తేల్చుకోండి

రెండు ప్రశ్నలు చాలు. నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి? 5 నిమిషాల్లోపైతే 3 మార్కులు, 6-30 నిమిషాలైతే 2, 31-60 అయితే 1, గంట దాటాకైతే 0. రోజుకు ఎన్ని? 10 వరకు 0, 11-20కి 1, 21-30కి 2, 31 నుంచి 3. రెండూ కలిపితే 6కి ఎంతో కొంత వస్తుంది. 4 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్లు మందు సాయం లేకుండా పంతం ఒక్కదానితో దిగడం మంచి ఆలోచన కాదు. అది చాలాసార్లు ఆరంభశూరత్వంగానే మిగులుతుంది.

ఆ తర్వాత మూడు రోజులు మామూలుగానే తాగండి, కానీ పెట్టెకు ఒక కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. వెలిగించే ముందు టైమ్, చోటు, ఎంత అవసరమనిపించింది (1 నుంచి 3) రాయాలి. వెలిగించాక రాస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే రెండు దమ్ములు పడగానే 3 కాస్తా 1లా కనిపిస్తుంది. కాగితం ఇలా ఉంటుంది: "6:50, పక్క మీద నుంచి లేవగానే, 3. 11:00, ఆఫీసు మెట్ల దగ్గర, ఇద్దరితో, 1. 11:40, ఫోన్ మాట్లాడుతూ, 1. 2:15, భోంచేశాక, 3."

3లు నికోటిన్ అడిగినవి. 1లు చోటూ మనుషులూ చేతిలో పెట్టినవి. కాగితం నిండా 3లే ఉంటే మీ ఖర్చు మందుల మీద పెట్టండి. 1లు ఎక్కువుంటే మనుషులు, నియమాలు, మానకపోతే పోగొట్టుకునే పందెం డబ్బు మీద పెట్టండి. చాలామందికి రెండూ ఉంటాయి, కానీ సమపాళ్లలో ఉండవు.

ఒక్కసారిగానా, తగ్గించుకుంటూనా

ఈ రెంటినీ ముఖాముఖి పోల్చిన పెద్ద పరీక్ష బ్రిటన్‌లో జరిగింది, ఫలితాలు 2016లో వచ్చాయి. 697 మందిలో సగం మంది 2 వారాల్లో 75 శాతం తగ్గించి తర్వాత మానేశారు. మిగతా సగం చెప్పిన రోజున ఒక్కసారిగా మానేశారు. అందరికీ నికోటిన్ మందులు, కౌన్సెలింగ్ ఇచ్చారు. 4 వారాలకు ఒక్కసారిగా మానినవాళ్లలో 49 శాతం, తగ్గించుకుంటూ మానినవాళ్లలో 39 శాతం నిలబడ్డారు. 6 నెలలకు అవి 22, 15.5 శాతానికి దిగాయి.

తగ్గించే పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో కాస్త గమనిస్తే తెలుస్తుంది. 20 తాగే మనిషి 8కి దిగాడనుకోండి. ఆ ఎనిమిదింటినీ లోతుగా పీలుస్తాడు, పీక దాకా తాగుతాడు. అందుకే లోపలికి పోయే నికోటిన్ అనుకున్నంత తగ్గదు. పైగా ఒక్కో సిగరెట్ కోసం గంటలు ఎదురుచూడటంతో దాని విలువ ఇంకా పెరుగుతుంది. చివరి మూడింటిని వదలడం మొదటి పన్నెండింటిని వదలడం కంటే కష్టమయ్యేది అందుకే.

అయినా ఒక్కసారిగా మానే ధైర్యం చాలకపోతే, తగ్గించే దారి తప్పేమీ కాదు. రెండు షరతులు పెట్టుకోండి. ఆఖరి తేదీ ముందే రాసి ఉండాలి. ఏ గంటకు తాగాలో గడియారం చెప్పాలి, మనసు చెప్పకూడదు. "వీలైనప్పుడు తగ్గిస్తాను" అనేది ప్రణాళిక కిందికి రాదు.

మొదటి నెల: మందుల మధ్య ఎంపిక

మందు తీసుకుంటే పట్టుదల లేనట్టు అనుకునేవాళ్లున్నారు. నిజానికి మందు చేసేది ఒకటే: ఉన్న పట్టుదలంతా మొదటి వారంలోనే కరిగిపోకుండా చూడటం.

ప్యాచ్‌తో మొదలుపెడదాం, పెట్టి మరిచిపోవచ్చు కాబట్టి. 24 గంటల రకంలో రోజుకు 10 కంటే ఎక్కువ తాగేవాళ్లకు మామూలు వరస: 21 మి.గ్రా. 6 వారాలు, 14 మి.గ్రా. 2 వారాలు, 7 మి.గ్రా. 2 వారాలు. అంతకంటే తక్కువ తాగేవాళ్లు 14తో మొదలుపెడతారు. పై చేయి, ఛాతీ, వీపు పై భాగం లాంటి వెంట్రుకలు లేని చోట, తడి లేని చర్మం మీద అంటించి అరచేత్తో 10 సెకన్లు అదమాలి. లోషన్ రాసిన చోట అంటుకోదు. రోజూ చోటు మార్చండి, అదే చోటికి వారం దాకా రావద్దు, లేకపోతే దురద, ఎర్రదనం తప్పవు. కలలు మరీ గందరగోళంగా వస్తుంటే రాత్రి తీసేయవచ్చు. అప్పుడు పొద్దున లేచేసరికి ఒంట్లో నికోటిన్ ఉండదు, కొత్త ప్యాచ్ పుంజుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. 3లు ఎక్కువగా పడే టైమూ అదే. ఆ సందును నికోటిన్ గమ్‌తో పూడ్చాలి.

గమ్‌ను ఎక్కువమంది తప్పుగా నములుతారు. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే నికోటిన్ అంతా ఉమ్మితో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి, అసలు పని జరగదు. నికోటిన్ ఎక్కాల్సింది చెంప లోపలి పొర ద్వారా. కాబట్టి నెమ్మదిగా కొరుకుతూ ఉండండి. మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమనగానే నమలడం ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయండి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగైదు సార్లు కొరికి, ఈసారి రెండో వైపు పెట్టండి. ఒక్కో ముక్క అరగంట వస్తుంది. నమలడానికి 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, పళ్ల రసం, సోడా తాగొద్దు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఇంకదు.

లేచిన 30 నిమిషాల్లోపే తాగే అలవాటుంటే 4 మి.గ్రా., లేకపోతే 2 మి.గ్రా. మొదటి 6 వారాలు 1-2 గంటలకొకటి చొప్పున రోజుకు కనీసం 9, ఎంత ఎక్కువైనా 24 దాటకూడదు. "గమ్ వాడాను, పనిచేయలేదు" అనేవాళ్లను రోజుకు ఎన్ని అని అడిగితే తరచూ మూడో నాలుగో అంటారు. అంత తక్కువ మోతాదు అక్కరకు రాదు. నమలలేనివాళ్లకు, పళ్ల కట్టు ఉన్నవాళ్లకు చప్పరించే బిళ్లలున్నాయి, కొలతలు దాదాపు ఇవే.

మార్కులు 4 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్లకు మా మొగ్గు ప్యాచ్, గమ్ కలిపి వాడటానికే. ఒకటి రోజంతా అడుగున నిలకడగా ఉంటుంది, ఇంకొకటి హఠాత్తుగా లేచే తహతహను అందుకుంటుంది. ఒక్కటే వాడిన దానికంటే రెండూ కలిపితే మానేవాళ్ల సంఖ్య పెరుగుతుందని పరీక్షల్లో తేలింది.

వరేనిక్లిన్ అనే మాత్ర దారి వేరు. నికోటిన్ వెళ్లి కూర్చునే చోటే ఇది కూర్చుని కొంచెం ప్రేరేపిస్తుంది, అందువల్ల విత్‌డ్రాయల్ (మానాక వచ్చే చిరాకు, అస్థిమితం) తగ్గుతుంది. సిగరెట్ తాగినా ఎక్కాల్సినంత ఎక్కదు, చప్పగా ఉంటుంది. డాక్టర్ రాసిస్తేనే వాడాలి. మొదటి 3 రోజులు 0.5 మి.గ్రా. రోజుకొకటి, 4-7 రోజులు రోజుకు రెండు, 8వ రోజు నుంచి 1 మి.గ్రా. రెండు పూటలా, మొత్తం 12 వారాలు. మానే రోజు సాధారణంగా 8వ రోజు. దీన్ని మధ్యలో ఆపేయడానికి మొదటి కారణం వికారం. ఖాళీ కడుపుతో వేసుకుంటేనే అది ఎక్కువ, తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. మానసిక సమస్యలు తెస్తుందన్న భయం చాలాకాలం ఉండేది. 8,000 మందికి పైగా పాల్గొన్న పరీక్ష 2016లో దాన్ని చాలావరకు తీర్చింది. ప్యాచ్‌తోనూ ఉత్తుత్తి మాత్రతోనూ పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, మానినవాళ్లు మాత్రం వరేనిక్లిన్ గుంపులోనే ఎక్కువ. కిడ్నీ జబ్బు ముదిరి ఉంటే మోతాదు తగ్గించాలి.

బుప్రోపియాన్ ఇంకో మాత్ర. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే దాని జోలికే పోకూడదు. గర్భిణులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, మానసిక వైద్యం తీసుకుంటున్నవాళ్లు ఏ మందైనా డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి.

ఈ-సిగరెట్ సంగతి. 2019లో వచ్చిన ఒక పరీక్షలో ఏడాదికి 18 శాతం మంది దాంతో సిగరెట్ మానగలిగారు, ప్యాచ్, గమ్ లాంటివి వాడినవాళ్లలో 9.9 శాతం. కానీ అలా మానినవాళ్లలో 80 శాతం ఏడాది తర్వాత కూడా ఈ-సిగరెట్ పీలుస్తూనే ఉన్నారు. కొన్ని దేశాల్లో నిషేధం కూడా ఉంది. దీన్ని మొదటి ఎంపికగా మేము చెప్పం.

ఇక్కడే ఒక చిన్న మాట, ఎవరూ పెద్దగా చెప్పనిది. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ను కరిగించే ఎంజైమును పరుగెత్తిస్తాయి. పొగ ఆగితే ఆ వేగం పడిపోతుంది. తాగే కప్పులు అవే అయినా ఒంట్లో కెఫీన్ ఎక్కువసేపు ఉండిపోతుంది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, కాలు నిలవకపోవడం వస్తే "మానడం వల్లే" అని నిరాశ పడతారు. కాఫీ, టీ సగానికి తగ్గించి చూడండి. ప్యాచ్ వేసుకున్నా ఇది జరుగుతుంది, ఎందుకంటే కారణం పొగ, నికోటిన్ కాదు. క్లోజపిన్, ఒలాంజపిన్ (మానసిక జబ్బుల మందులు), థియోఫిలిన్ (ఆస్తమా మందు) వాడేవాళ్లలో కూడా మందు మట్టం ఇలాగే పెరుగుతుంది, కాబట్టి మానే ముందే డాక్టర్‌కు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి.

డబ్బు: బహుమతా, పందెమా

మందులు వాడటం ఆపేశాక కూడా నడిచే ఆసరా ఇది. 2009లో ప్రచురితమైన ఒక పరీక్షలో 878 మంది ఉద్యోగులలో సగం మందికి మానితే డబ్బు ఇస్తామన్నారు. 9 లేదా 12 నెలల దాకా నిలిచినవాళ్లు ఆ గుంపులో 14.7 శాతం, డబ్బు ఆశ లేని గుంపులో 5 శాతం.

2015లో ఇంకో పరీక్ష ఆసక్తికరమైన మెలిక బయటపెట్టింది. బహుమతి పథకానికి 90 శాతం మంది సరేనన్నారు. ముందుగా సొంత డబ్బు కట్టి, మానకపోతే పోగొట్టుకునే పథకానికి ఒప్పుకున్నది దాదాపు 14 శాతమే. అందుకే మొత్తం మీద 6 నెలల ఫలితం బహుమతికి 15.7 శాతం, పందేనికి 10.2 శాతంగా తేలింది. కానీ రెంటికీ సిద్ధపడే మనస్తత్వం ఉన్నవాళ్లను వేరుచేసి చూస్తే పందెమే గట్టిగా పనిచేసింది. చేతిలోంచి పోయే రూపాయి, రాబోయే రూపాయి కంటే బరువు. కట్టే దమ్ముంటే పందెం కట్టండి, లేకపోతే బహుమతితో సరిపెట్టుకోండి.

సొంతంగా పందెం పెట్టుకునేవాళ్లు తప్పు చేసేది వివరాల్లోనే. పోతే మనసు చివుక్కుమనాలి, ఇల్లు గడవడం మాత్రం ఆగకూడదు, మొత్తం అంత ఉండాలి. డబ్బు జీవిత భాగస్వామి దగ్గర పెడితే పందెం కాదు, ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చడమే. మొహమాటానికి లొంగని మూడో మనిషి దగ్గర ఉంచండి. ఓడితే అది మీకు అసలు గిట్టని పనికి విరాళంగా పోవాలని రాయండి.

మానారో లేదో పరీక్షించడం ఎలా అన్నది ముందే తేల్చుకోవాలి. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే పరికరం గత ఒక రోజు సంగతే చెబుతుంది. ఆ వాయువు 4-5 గంటలకోసారి సగమైపోతుంది కాబట్టి ముందు రోజు ఆపి గట్టెక్కవచ్చు. అందుకే తేదీ చెప్పకుండా పిలవాలి. ఉమ్మి, మూత్రంలో కోటినిన్ (ఒంట్లో నికోటిన్ విరిగితే తయారయ్యేది) చూసే పరీక్ష కొన్ని రోజుల వెనక్కి వెళ్తుంది, కానీ గమ్ నమిలేవాళ్లకూ ప్యాచ్ వేసుకున్నవాళ్లకూ సిగరెట్ ముట్టకపోయినా పాజిటివ్ వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక స్నేహాలు చెడవచ్చు. నికోటిన్ మందులు నడిచినన్నాళ్లూ ఊపిరి పరీక్ష, ఆపాక కోటినిన్ అని కాగితం మీద రాసుకోండి. డబ్బు తిరిగిచ్చే విడతలు 2వ వారం, 1వ నెల, 3వ నెల, 6వ నెల. పెద్ద మొత్తం చివరి విడతకే ఉంచాలి.

ఎవరి తోడు?

ఇంట్లోవాళ్లు తోడుండటం మంచిదే, పోలీసులు కావడం మాత్రం చెడ్డది. చొక్కా వాసన చూడటం, జేబులు తడమటం మొదలైన రోజు నుంచి మనిషి మానడం కంటే దాచడం నేర్చుకుంటాడు. ఏం అడగాలో, ఏం అడగకూడదో మీరే ముందు చెప్పండి: "రెండు వారాలు నేను చిరాకు పడితే పట్టించుకోవద్దు. తాగావా అని అడగొద్దు. రాత్రి భోంచేశాక పది నిమిషాలు నాతో నడువు."

కలిసి మానుదామనుకునే స్నేహితుడు రెండంచుల కత్తి. అతను జారితే మీకూ అనుమతి దొరికినట్టే. అలా అనుకునేవాళ్లు "ఒకరు జారినా రెండోవాళ్లు ఆగరు" అని ముందే ఒప్పుకోవాలి. కౌన్సెలర్, గ్రూపు సమావేశం లాంటివి వారానికో నిర్ణీత గంట ఇస్తాయి, ఆ గంటకు మొహం చూపించాలన్న ఆలోచనే సగం పని చేస్తుంది. మనుషులతో మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు ఫోన్ సందేశాలను తీసిపారేయనక్కర్లేదు. బ్రిటన్‌లో 5,800 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. మానడానికి సాయపడే సందేశాలు అందుకున్నవాళ్లలో 6 నెలలకు 10.7 శాతం, మామూలు సందేశాలు అందుకున్నవాళ్లలో 4.9 శాతం మానినట్టు లాలాజల పరీక్షలో నిర్ధారణ అయింది.

ఏ కారణాన్ని జేబులో పెట్టుకోవాలి

బ్రిటిష్ డాక్టర్లను 1951 నుంచి 50 ఏళ్లు గమనించిన అధ్యయనం 2004లో చెప్పింది: 30 ఏళ్ల వయసులో మానితే సుమారు 10 ఏళ్లు, 40లో 9, 50లో 6, 60లో 3 ఏళ్ల ఆయుష్షు కలిసొస్తుంది. మానాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి ఇంతకంటే మంచి లెక్క లేదు. కానీ 11 గంటలకు మెట్ల దగ్గర నిలబడ్డప్పుడు అది ఉపయోగపడదు, దూరం మరీ ఎక్కువ. ఆ పూటకు దగ్గరి కారణాలు కావాలి: రేపటికల్లా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ దిగిపోతుంది, ఏడాదికి గుండెజబ్బు ముప్పు దాదాపు సగమవుతుంది, ఎవరినైనా ఎత్తుకునే ముందు చేతులు వాసన చూసుకోనక్కర్లేదు.

"టెన్షన్ తగ్గడానికి తాగుతాను" అనే మాటను పరీక్షించి చూడండి. సిగరెట్ తీర్చే చిరాకులో పెద్ద భాగం ముందటి సిగరెట్ దిగిపోవడం వల్ల పుట్టిందే. మానినవాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి కొనసాగించినవాళ్ల కంటే తగ్గుతాయని 2014లో అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. బరువు భయం మాత్రం ఉత్తది కాదు, ఏడాదిలో సగటున 4-5 కిలోలు పెరుగుతారు. అయినా మొదటి రెండు నెలలు డైటింగ్ జోలికి పోవద్దు. ఆకలి, తహతహ ఒకేసారి మీద పడితే రెండో దానికే లొంగుతాం. 4 మి.గ్రా. గమ్ వాడినన్నాళ్లు బరువు పెరగడం కొంత వాయిదా పడుతుంది.

లెక్కపెట్టే యాప్‌లు, జారిన రోజు

వరసగా ఎన్ని రోజులో చూపించే యాప్ 45వ రోజు వరకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 46వ రోజు ఒక దమ్ము లాగితే అంకె సున్నాకు పడుతుంది. "ఎలాగూ పోయిందిగా" అని మిగతా పెట్టె కూడా అయిపోతుంది. మనస్తత్వవేత్త అలన్ మార్లట్ ఈ జారుడును వివరంగా చర్చించాడు: దెబ్బతీసేది ఆ సిగరెట్ కంటే దాని తర్వాత తన మీద తనకు కలిగే తీర్పు. కాబట్టి సున్నాకు పడేసే యాప్ వద్దు. 46 రోజుల్లో 45 అని మొత్తం చూపించేది, లేదా గోడ మీది క్యాలెండర్, మేలు.

నియమం మాత్రం ముందు కఠినంగానే ఉండాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. "పార్టీల్లో మాత్రం ఒకటి" అని సందు ఉంచినవాళ్లకు పార్టీలు ఎక్కువవుతాయి. తహతహ లేచినప్పుడు చేయాల్సింది కూడా ముందే రాసి ఉండాలి: "భోంచేశాక అనిపిస్తే, లేచి పళ్లు తోముకుంటాను", "మెట్ల దగ్గర పిలిస్తే, కింది అంతస్తు దాకా వేగంగా నడిచొస్తాను". తహతహ సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది, 10-15 నిమిషాల చురుకైన నడక దాన్ని తగ్గిస్తుంది. ఆ టైముకు చేతికి గమ్ అందుబాటులో లేకపోతే పై లెక్కలన్నీ కాగితం మీదే ఉంటాయి, అందుకే ప్యాచ్ అయిపోయాక కూడా కొన్ని నెలల పాటు జేబులో రెండు ముక్కలు ఉండనివ్వండి.

జారితే ఈ వరస: మిగిలిన సిగరెట్లను నీళ్లలో ముంచి పారేయండి, చెత్తబుట్టలో వేసినవి మళ్లీ తీసుకోవచ్చు. ప్యాచ్ వేసుకుని ఉంటే తీయొద్దు, దాని మీద ఒక సిగరెట్ తాగారని మందు ఆపడం పెద్ద తప్పు. ఎక్కడ, ఎవరితో, ఏ టైముకు అన్నది పాత కాగితం మీదే, అవే గళ్లలో రాయండి. అవసరం అంకె 3 ఉంటే గమ్ సంఖ్య పెంచండి లేదా డాక్టర్‌తో మోతాదు మాట్లాడండి. 1 ఉంటే ఆ చోటికి రెండు వారాలు వెళ్లకండి. పందెం డబ్బు పట్టుకున్న మనిషికి ఆ రాత్రే ఫోన్ చేయండి.